రెండు ముఖాల హోటల్: ముంబయి తాజ్ పుట్టుపూర్వోత్తరాలు

ముంబయిలోని అపోలో బందర్ రేవు పక్కన తాజ్‌మహల్ ప్యాలస్ హోటల్ 1903 డిసెంబరు 16న ప్రారంభమయ్యే నాటికి దాని ఎదుట గేట్‌వే ఆఫ్ ఇండియా లేదు. అయిదవ జార్జి చక్రవర్తి 1911లో ఆ రేవులో దిగిన సందర్భానికి గుర్తుగా తలపెట్టిన ఆ తోరణం 1924లో గాని పూర్తికాలేదు. ఇప్పటి ఛాయాచిత్రాల్లో గేట్‌వేకు వెనుక తెరలా అగుపించే హోటలే నిజానికి దానికన్నా రెండు దశాబ్దాలు పెద్దది. ఆ ఇరవై ఏళ్లూ సముద్రం మీదుగా నగరానికి చేరేవారికి దూరం నుంచే ఆనవాలుగా నిలిచినది దాని గుమ్మటమే.

ఈ హోటల్ పుట్టుకను గురించి జనం నోట బాగా నలిగిన కథ ఒకటుంది. ఇంగ్లండులో పోతపోసిన ఇనుప భాగాలను తెచ్చి బిగించిన వాట్సన్స్ హోటల్లోకి పారిశ్రామికవేత్త జంషెడ్‌జీ టాటాను భారతీయుడన్న కారణంతో రానివ్వలేదనీ, ఆ అవమానానికి జవాబుగా ఆయన అంతకు మించిన హోటల్ కట్టించాడనీ ఆ కథ చెబుతుంది. పగ తీర్చుకున్న కథలకు ఉండే ఆకర్షణ దీనికీ ఉంది గాని, చరిత్రకారులు పలువురు దీన్ని నమ్మరు. 1896లో ప్లేగు సోకి బొంబాయి విలవిలలాడిందనీ, జనం ఊరు విడిచి వెళ్లారనీ, వర్తకులకు నగరం మీద నమ్మకం సడలిందనీ గుర్తుంచుకుంటే, నగరం పరువు నిలబెట్టే కట్టడం ఒకటి కావాలని అక్కడి సంపన్నుడు తలచడంలో వింత లేదు. పైగా జంషెడ్‌జీ ఈ పనిని తన వ్యాపార సంస్థల మీద మోపక సొంత సొమ్ముతో నడిపించాడు కనుక, దీన్ని లాభనష్టాల లెక్కకన్నా ఊరి మీది మమకారానికి చెందిన పనిగా చూడడమే న్యాయం.

నమూనా గీసినవారు రావుసాహెబ్ సీతారాం ఖండేరావు వైద్య, డి.ఎన్. మీర్జా అనే భారతీయ వాస్తుశిల్పులు. వారిలో వైద్య, విక్టోరియా టెర్మినస్ రైల్వే స్టేషనును రూపొందించిన ఎఫ్.డబ్ల్యు. స్టీవెన్స్ దగ్గర పనిచేసినవాడు. నిర్మాణం ముగియకముందే వైద్య మరణించగా, మిగిలిన పనిని డబ్ల్యు.ఎ. చేంబర్స్ అనే ఆంగ్లేయుడు పూర్తిచేశాడు. కట్టిన గుత్తేదారు ఖాన్‌సాహెబ్ సొరాబ్‌జీ రతన్‌జీ. హోటల్ నడిమధ్యన కింద స్తంభాల ఊతం లేకుండా గోడల నుంచి పైకి సాగే ప్రసిద్ధమైన మెట్ల వరుసను రూపొందించిన గౌరవం కూడా ఆయనకే దక్కింది.

కట్టడపు శైలిని ఇండో-సారసెనిక్ అంటారు. పాశ్చాత్య కట్టడపు చట్రంలో మొగలు, రాజపుత్ర, గుజరాతీ భవనాల కమానులను, గుమ్మటాలను, ఝరోఖాలను, అనగా గోడ నుంచి బయటికి పొడుచుకు వచ్చిన కిటికీ గూళ్లను, కలిపికూర్చిన పద్ధతికి ఆంగ్లేయుల పాలనలో పెట్టిన పేరది. ఈ శైలిలో పుట్టిన ప్రభుత్వ కార్యాలయాలు కొన్ని నగలన్నీ ఒకేసారి తగిలించుకున్నట్లు అనిపిస్తాయి. తాజ్‌లో ఆ ఇబ్బంది తక్కువ, ఎందుకంటే బూడిదరంగు నల్లరాతి గోడల మీద ఒకే తీరు కిటికీలు వరుసలు తీరి సాగడం వల్ల కంటికి ముందు నిలకడ దొరికి, అలంకారం తరవాత అందుతుంది. 240 అడుగుల ఎత్తుకు లేచిన నడిమి గుమ్మటంలో ఇటలీ పునరుజ్జీవన కాలపు పోలిక ఉండగా, మూలల్లోని బురుజుల మీది చిన్న గుమ్మటాలు మాత్రం తూర్పుదేశపు రూపాన్నే నిలుపుకొన్నాయి.

హోటల్‌ను పొరపాటున సముద్రానికి వీపు పెట్టి కట్టారనీ, విదేశం నుంచి తిరిగివచ్చి ఆ సంగతి చూసిన ఐరోపా వాస్తుశిల్పి ప్రాణం తీసుకున్నాడనీ ప్రచారంలో ఉన్న కథ మొదటిదానికన్నా బలహీనమైనది. నమూనా గీసినవారు ఆ నగరంలోనే ఉండి పనిచేసిన భారతీయులన్న ఒక్క విషయంతోనే అది కూలిపోతుంది. అసలు వాకిలిని పడమటి వైపున, అనగా ఊరివైపున, పెట్టడానికి కారణం బండ్లు, అతిథులు వచ్చేది ఆ దిక్కు నుంచే కావడం. రెండు రెక్కలు చాచిన ఆ భవనం నడుమ ఖాళీ ముంగిలి ఏర్పడింది. మధ్యాహ్నం దాటాక బ్యాక్‌బే నుంచి పడమటి గాలి వీచే నగరంలో, విద్యుత్తుతో గదులను చల్లబరిచే యంత్రాలు రాని కాలంలో, ఆ గాలిని ఒడిసిపట్టడానికి అంతకన్నా తెలివైన అమరిక దొరకదు. తూర్పున రేవు చూపు, పడమట ఊరి రాకపోకలు, చల్లగాలి: రెండు ముఖాలకూ పని ఉంది, తప్పు ఎక్కడా లేదు.

లోపలి సామగ్రి కోసం జంషెడ్‌జీ స్వయంగా ఐరోపా తిరిగి జర్మనీ నుంచి విద్యుత్ యంత్రాలను, పారిస్ నుంచి ఉక్కు స్తంభాలను ఎంచి తెప్పించాడు. పంకాలు అమెరికావి, లిఫ్టులు జర్మనీవి. తెరిచిన రోజున మొత్తం భవనం సిద్ధం కానేలేదు. ఆయన మాత్రం ఆ వైభవాన్ని ఎక్కువ కాలం చూడలేదు. ప్రారంభమైన అయిదు నెలలకే, 1904 మే 19న, జర్మనీలో కన్నుమూశాడు.

తరవాతి దశాబ్దాల్లో ఈ కట్టడం హోటల్‌గానే మిగిలిపోలేదు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో 600 పడకల ఆసుపత్రిగా మారింది. హైదరాబాదు నుంచి వచ్చి జాతీయోద్యమంలో ముందు నడిచిన సరోజినీ నాయుడు బొంబాయిలో విడిది చేసినది ఇక్కడే. రాజకీయులు, కవులు, విద్యార్థులు ఆమె గదులకు వచ్చి పోతుండేవారు.

1970ల మొదట్లో పక్కనున్న గ్రీన్స్ హోటల్‌ను పడగొట్టి, ఆ చోట కొత్త గోపురభవనాన్ని లేపారు. పాత భవనపు కమానుల పోలికను అది అరువు తెచ్చుకున్నా, ఎత్తులో దానిని మించిపోయి గుమ్మటం పక్కన ఆకాశాన్ని ఆక్రమించింది. గదులు పెరిగాయి గాని పొందిక చెడిందనే అనాలి. వాకిలి రేవువైపుకు మారగా, బండ్లు వచ్చి ఆగిన పడమటి ముంగిలి ఈతకొలను అయింది. వీపు పెట్టి కట్టారన్న కథకు బలం చేకూర్చినది బహుశా ఈ మార్పే.

2008 నవంబరు 26న మొదలైన ఉగ్రదాడిలో హోటల్లో 31 మంది ప్రాణాలు కోల్పోయారు. బాంబులకన్నా మంటలు, వాటిని ఆర్పిన నీళ్లు పాత భవనపు పై అంతస్తులకు ఎక్కువ చేటు చేశాయి. కొత్త గోపురభవనం నెల తిరగకముందే డిసెంబరు 21న తెరుచుకోగా, పాత భవనానికి 2010 ఆగస్టు 15 దాకా సమయం పట్టింది. ఈ తేడాలోనే పునరుద్ధరణ అన్న పనిలోని చిక్కు తెలుస్తుంది. మరమ్మతు అంటే పాడైనదాన్ని పనికివచ్చేలా చేయడం. పునరుద్ధరణ అంటే ఏ కాలపు రూపానికి తిరిగి తేవాలో ముందుగా తేల్చుకోవడం. శతాబ్దం పొడవునా మార్పులు పొందిన ఇంటికి 1903 నాటి రూపమా, 2008 నాటి రూపమా ఏది అసలైనదని అడిగితే ఒకే జవాబు ఉండదు. బయటి రూపాన్ని, నడిమి మెట్ల వరుసను, జనం జ్ఞాపకాల్లో ఉన్న సీ లౌంజ్, హార్బర్ బార్ వంటి చోట్లను నిలుపుకొని, కాలిపోయిన గదులను మాత్రం ఈ కాలపు సౌకర్యాలతో తిరిగి కట్టడం మధ్యేమార్గమే అయినా, బతికి ఉన్న హోటల్‌కు తగిన మార్గం అదే. మృతుల పేర్లతో లోపల స్మారకం వెలసింది.

2017లో ఈ భవనపు బాహ్యరూపం వాణిజ్య చిహ్నంగా నమోదై, ఆ రక్షణ పొందిన భారతదేశపు మొదటి కట్టడమయింది. యజమానుల అనుమతి లేకుండా ఇతరులు ఆ రూపాన్ని వ్యాపారానికి వాడుకోవడాన్ని అడ్డుకునే హక్కు దానితో వచ్చింది.