అలుగు లేని చెరువు: వాల్డెన్ పాండ్ కథ

ఈ ఎపిసోడ్ ఒక చెరువు గురించి.

ముందు నా సంగతి ఒకటి చెప్పి మొదలుపెడతాను. నేను సాఫ్ట్‌వేర్ జాబ్ చేసే రోజుల్లో ఆన్‌సైట్ మీద కొన్ని నెలలు బోస్టన్ దగ్గర ఉన్నాను. జూలైలో ఒక ఆదివారం నేనూ మా రూమ్మేటూ కారేసుకుని వాల్డెన్ పాండ్‌కి బయల్దేరాం. బోస్టన్ నుంచి ఓ పదిహేను మైళ్ళు, కాంకర్డ్ అనే ఊరి పక్కన. పదకొండింటికి తాపీగా వెళ్తే గేటు దగ్గరే ఆపేశారు. లోపల నిండిపోయింది, తర్వాత రండి అన్నారు. మా వాడు నవ్వాపుకోలేక, "చెరువు చూడ్డానికి కూడా హౌస్‌ఫుల్ బోర్డేంట్రా!" అన్నాడు.

ఆ రోజు నాకూ నవ్వొచ్చింది. తర్వాత దీని చరిత్ర చదివాక ఆ బోర్డు ఎందుకుందో అర్థమైంది. ఆ బోర్డు వెనకాల ఉన్న కథే ఈ రోజు మనం మాట్లాడుకునేది.

మన చెరువు అంటే ఏం గుర్తొస్తుంది చెప్పండి? ఒక కట్ట, ఒక తూము, ఒక అలుగు. వాగు వచ్చి కలుస్తుంది, నిండితే అలుగు పారుతుంది. మనిషి కట్టిన చెరువు అది. వాల్డెన్‌కి ఇవేవీ లేవు. కట్ట లేదు, తూము లేదు, లోపలికి వచ్చే వాగు లేదు, బయటికి పోయే అలుగు లేదు. మరి నీళ్ళెక్కడివి?

పది వేల ఏళ్ళకి పైమాటే. ఆ ప్రాంతాన్నంతా కప్పిన హిమానీనదం కరిగి ఉత్తరానికి వెనక్కి తగ్గుతోంది. అలా తగ్గేటప్పుడు ఒక పెద్ద మంచుగడ్డ విడిపోయి అక్కడే ఉండిపోయింది. కరిగిన నీళ్ళు మోసుకొచ్చిన ఇసుక, గులకరాళ్ళు దాని చుట్టూ, దాని మీదా పేరుకున్నాయి. లోపలి మంచు మెల్లగా కరిగింది. పైన ఇసుక కుంగింది. అక్కడొక లోతైన గుంట మిగిలింది. భూగర్భజలం ఆ గుంటలోకి ఊరింది. ఇలాంటివాటిని కెటిల్ పాండ్స్ అంటారు. మామూలు మాటల్లో చెప్పాలంటే అదొక పెద్ద ఊటబావి. ఈ ఒక్క పాయింటు గుర్తుపెట్టుకోండి, చివర్లో దీంతో పనుంది.

ఇప్పుడు హెన్రీ డేవిడ్ థోరో దగ్గరికి వద్దాం. 1845 జూలై 4న, 27 ఏళ్ళ వయసులో, ఈ చెరువు ఒడ్డున తను కట్టుకున్న చిన్న గదిలోకి మారాడు. పది అడుగుల వెడల్పు, పదిహేను అడుగుల పొడవు. స్థలం స్నేహితుడు ఎమర్సన్‌ది. ఖర్చు 28 డాలర్ల పన్నెండున్నర సెంట్లు అని తనే లెక్క రాసుకున్నాడు. 1847 సెప్టెంబరు 6 దాకా, అంటే రెండేళ్ళ రెండు నెలలు అక్కడున్నాడు. 1854లో 'వాల్డెన్' పుస్తకం వచ్చింది.

చాలామంది ఇదేదో మనుషుల్లేని కీకారణ్యంలో తపస్సు అనుకుంటారు. కాదండి. కాంకర్డ్ ఊరు ఒకటిన్నర మైలు దూరం. ఏడాది ముందే, 1844లో, చెరువు పక్క నుంచి రైలు పట్టాలు పడ్డాయి. రోజూ కూత వినిపించేది. తన గదికి వాడిన చెక్కలు ఎక్కడివి? ఆ రైల్వే పనికొచ్చిన జేమ్స్ కాలిన్స్ అనే ఐరిష్ కూలీ గుడిసెవి. 4 డాలర్ల 25 సెంట్లకి కొన్నాడు. మర్నాడు పొద్దున్నే ఆ కుటుంబం సామాను మూట కట్టుకుని వెళ్ళిపోతూ దారిలో ఎదురైందని థోరోనే రాశాడు. అంతకుముందు తరంలో ఆ అడవిలో ఉన్నది ఎవరు? కేటో ఇంగ్రహామ్, జిల్ఫా వైట్, బ్రిస్టర్ ఫ్రీమన్ లాంటివాళ్ళు, ఒకప్పుడు బానిసలుగా బతికిన నల్లజాతివాళ్ళు. మంచి భూమి వాళ్ళకి దొరకదు కాబట్టి ఈ ఇసుక నేలలో బతికారు. వాళ్ళ పేర్లు కూడా ఆ పుస్తకంలో ఉన్నాయి. మన దగ్గర ఆ చాప్టర్ గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ.

ఒక ఇంజనీర్‌గా నాకు బాగా నచ్చిన భాగం ఇంకోటుంది. ఆ చుట్టుపక్కల వాల్డెన్‌కి అడుగు లేదని నమ్మేవాళ్ళు. మన ఊళ్ళల్లో కూడా కొన్ని కోనేళ్ళ గురించి అంటారు కదా, ఏడు మంచాల నులక తాడు ముడేసి వదిలినా అడుగు తగల్లేదని! సేమ్ టు సేమ్. థోరో సర్వేయర్ పని తెలిసినవాడు. 1846 మొదట్లో, చెరువు గడ్డకట్టి ఉండగా, మంచుకి బొక్కలు పెట్టి, చేపల తాడుకి రాయి కట్టి వందకి పైగా చోట్ల లోతు కొలిచాడు. అత్యధిక లోతు 102 అడుగులు, వైశాల్యం అరవై ఒకటిన్నర ఎకరాలు. ఇప్పటి పరికరాలతో కొలిచినా లోతు దాదాపు అంతే వస్తోంది. తాడూ రాయితో ఆ కచ్చితత్వం!

తర్వాతి చలికాలం, 1846-47లో, వంద మంది దాకా కూలీలు రంపాలతో దిగారు. ఫ్రిజ్ లేని రోజులు కదా, చెరువు మంచే సరుకు. పని బాగా సాగిన రోజు వెయ్యి టన్నులు కోసేవాళ్ళట. బోస్టన్ నుంచి మంచు ఓడల్లో మన దేశానికి కూడా వచ్చేది. 1833లో టస్కనీ అనే ఓడ 180 టన్నులతో బయల్దేరితే, నాలుగు నెలల ప్రయాణం తర్వాత కలకత్తాలో సుమారు వంద టన్నులు మిగిలింది. మద్రాసులో సముద్రం ఒడ్డున ఆ మంచు దాచడానికే ఐస్‌హౌస్ కట్టారు. 1897లో వివేకానందుడు బస చేసింది ఆ భవనంలోనే. అప్పట్లో మన కోస్తా, రాయలసీమ జిల్లాలకి రాజధాని కూడా మద్రాసే.

థోరో పొద్దున్నే భగవద్గీత ఇంగ్లీషు అనువాదం చదివి చెరువుకి వెళ్ళేవాడు. మద్రాసువాళ్ళూ కలకత్తావాళ్ళూ నా బావి నీళ్ళు తాగుతారన్నమాట అని మురిసిపోయాడు. ఇది పట్టుకుని, వాల్డెన్ మంచు మద్రాసు వచ్చిందని కొందరు రాసేస్తుంటారు. పుస్తకంలోనే సమాధానం ఉంది. ఆ ఏడాది ఒడ్డున పేర్చిన పది వేల టన్నుల గుట్టలో కొంతే బయటికెళ్ళింది. మిగతాది అక్కడే ఉండి, 1848 సెప్టెంబరు నాటికి కరిగింది. చాలా భాగం మళ్ళీ చెరువులోకే చేరిందంటాడు. బాగుంది కదా, చెరువు సొమ్ము చెరువుకే!

1862లో థోరో పోయాడు. నాలుగేళ్ళకే, 1866లో, రైల్వేవాళ్ళు చెరువు పడమటి మూల పిక్నిక్ పార్కు పెట్టారు. ఉయ్యాలలు, పడవలు, స్నానాల గదులు, సభలకి హాలు, బేస్‌బాల్ మైదానం. నగరం నుంచి రైళ్ళల్లో జనం దిగేవాళ్ళు. 1902లో అది తగలబడింది, మళ్ళీ కట్టలేదు. జనం రావడం మాత్రం ఆగలేదు.

1922లో ఎమర్సన్ కుటుంబంతో సహా కొన్ని కుటుంబాలు సుమారు 80 ఎకరాలు మసాచుసెట్స్ రాష్ట్రానికి రాసిచ్చాయి. ఇచ్చేటప్పుడు పెట్టిన షరతు చూడండి. థోరో, ఎమర్సన్ ఎరిగిన వాల్డెన్‌ని అలాగే కాపాడాలి. ప్రజలు ఈత కొట్టడానికి, పడవ నడపడానికి, చేపలు పట్టడానికి, పిక్నిక్‌కి రానివ్వాలి. రెండూ కావాలి! గొడవకి బీజం అక్కడే ఉంది. 1957లో అక్కడి జిల్లా పాలకులు బీచ్ పెద్దది చేద్దామని చెట్లు కొట్టి బుల్డోజర్ దించారు. థోరో అభిమానులు కోర్టుకెక్కారు. 1960లో రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం వాళ్ళ వైపే తీర్పిచ్చింది. 1990లో చుట్టుపక్కల అడవిలో ఆఫీసులు, అపార్టుమెంట్లు రాబోతుంటే ఈగల్స్ బ్యాండ్ గాయకుడు డాన్ హెన్లీ సంస్థ పెట్టి, విరాళాలు పోగుచేసి ఆ భూముల్ని కొనిపించాడు. ఆఫీసులు లేవాల్సిన గుట్ట పేరు బ్రిస్టర్స్ హిల్. అవును, ఇందాక చెప్పిన బ్రిస్టర్ ఫ్రీమన్ పేరే.

ఇప్పుడు ఆ మొదటి పాయింటుకి రండి. అలుగు లేదు. లోపలికి పోయింది తొందరగా బయటికి రాదు. నీళ్ళు భూమిలోకి మెల్లగా ఇంకుతూ మారాల్సిందే, దానికి ఏళ్ళు పడుతుంది. 2018లో వచ్చిన ఒక పరిశోధన కోసం కొందరు శాస్త్రవేత్తలు చెరువు అడుగు బురద తవ్వి పరిశీలించారు. గత శతాబ్దంలో నాచు జాతులు మారిపోయాయి. వేసవిలో నీళ్ళలో చేరే ఫాస్ఫరస్‌లో సగం పైగా ఈత కొట్టేవాళ్ళ మూత్రం నుంచే వస్తూ ఉండొచ్చని వాళ్ళ అంచనా. నవ్వకండి, నిజం! ఫాస్ఫరస్ అంటే నాచుకి ఎరువు. బుల్డోజర్‌ని కోర్టు ఆపగలిగింది. ఇది ఏ కోర్టు ఆపుతుంది? చెరువుని ప్రేమించి వచ్చేవాళ్ళే కదా ఇక్కడ ముద్దాయిలు, నాతో సహా. అందుకే ఒకసారికి వెయ్యి మంది అని లెక్క పెట్టుకున్నారు. ఆ రోజు మేం వెయ్యిన్నొకటో, వెయ్యిన్ని రెండో అన్నమాట.

అక్టోబరులో మళ్ళీ వెళ్ళాను, ఈసారి రైల్లో. థోరో విన్న కూత ఆ పట్టాల మీదే. కాంకర్డ్‌లో దిగి నడిచాను. గది లేదు. అది ఉన్న చోట చుట్టూ రాతి స్తంభాలు పాతారు, పక్కన రాళ్ళ గుట్ట. 1872 నుంచి వచ్చినవాళ్ళు తలా ఒక రాయి పెడుతున్నారు. నేనూ ఒకటి పెట్టాను. నీళ్ళల్లోకి మాత్రం దిగలేదు. చలికి భయపడే అనుకోండి, కానీ చెరువుకి ఆ మాత్రం లాభమే.

మీరెప్పుడైనా వెళ్తే పొద్దున్నే వెళ్ళండి. నీళ్ళల్లో దిగే ముందు బాత్రూమ్‌కి వెళ్ళిరండి. సిగ్గుపడాల్సిన మాట కాదు, నూట డెబ్భై అయిదేళ్ళ చరిత్ర చదివాక నాకు మిగిలిన సలహా అదే. మరో ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటానండి.