గడి కారూ, నీళ్ల కుండా

కొందరు మగవాళ్లకి పేకాట పిచ్చి, కొందరికి రాజకీయాల పిచ్చి. జనగామలో ఉన్న మా పెద్దనాన్నగారి అబ్బాయికి మాత్రం పాత అమెరికా కార్ల పిచ్చి. మా వదిన మెడలో గొలుసు బ్యాంకు లాకర్లోకి, అక్కణ్ణుంచి తాకట్టులోకి ప్రయాణం చేసిందంటే దానికి కారణం ఆ పిచ్చే! "సవతినైనా భరిస్తా గాని వదినా, ఈ ఇనుప సవతితో వేగలేను" అని ఆవిడ నాతో ఎన్నిసార్లు మొర పెట్టుకుందో లెక్కలేదు.

ఆ ఇనుప సవతి పేరు షెవర్లే. పుట్టింది 1934లో. జనగామ దగ్గర ఒక పల్లెలో, కూలిపోయిన గడి వెనక గడ్డివాములో దొరికింది. నేను మొదటిసారి చూసినప్పుడు దాని సీటు మీద కోడి గుడ్లు పెట్టి పొదుగుతోంది. టైర్లు లేవు, అద్దాలు లేవు. "చూడు చెల్లే, ఎంత అందంగుందో!" అన్నాడు అన్నయ్య. ప్రేమ గుడ్డిదని ఊరికే అనలేదు పెద్దలు.

నేను బి.ఏ.లో చరిత్ర చదువుకున్న మనిషిని. కారు సంగతి నాకేం తెలుసు? కానీ అమెరికాలో పుట్టిన కారు జనగామ గడ్డివాములోకి ఎలా వచ్చిందన్న ప్రశ్న నన్ను పట్టుకుంది. అదీ ఒక కథే.

అమెరికాలోని జనరల్ మోటార్స్ కంపెనీ 1928లో బొంబాయిలోని సేవ్రీలో ఒక కర్మాగారం పెట్టింది. కార్ల భాగాలు ఓడల మీద పెట్టెల్లో వచ్చేవి. ఇక్కడ బిగించి అమ్మేవాళ్లు. షెవర్లేలు అట్లా వేలకొద్దీ మన రోడ్ల మీదికి వచ్చాయి. ఇంగ్లీషు కార్లు సన్నగా, నాజూగ్గా ఉండేవి. అమెరికా కార్లు ఎత్తుగా, బలంగా ఉండి, మన గతుకుల బాటలకి తట్టుకునేవి. ధర కూడా తక్కువ. సాక్షాత్తు ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ గారికి రోల్స్ రాయిసులకేం కొదవ? అయినా ఆయన పాత ఫోర్డులో తిరిగేవాడని ఆనాటి విదేశీ పత్రికలు కూడా వింతగా రాశాయి. పాతబస్తీలో చౌమహల్లా ప్యాలెస్‌కి వెళ్తే ఆ రాచకార్లు కొన్నింటిని ఇప్పటికీ చూడొచ్చు.

రాజుగారు ఎటు పోతే దొరలూ అటే కదా! గడిలో కారుంటే అదొక దర్జా.

స్వాతంత్ర్యం వచ్చాక మన ప్రభుత్వం ఊరికే బిగించి అమ్మితే కుదరదు, ఇక్కడే తయారు చెయ్యాలంది. జనరల్ మోటార్స్ 1954లో దుకాణం కట్టేసింది. అప్పణ్ణుంచి విడిభాగాలు దొరకలేదు. ఉన్న అమెరికా కార్లకి కొందరు డీజిల్ ఇంజన్లు తగిలించారు, కొందరు తుక్కుకింద అమ్మేశారు. మిగిలిన ఏ కొన్నో గడ్డివాముల్లో కోళ్లకి కాపురమయ్యాయి.

సరే, మా అన్నయ్య కోడిని లేపి కారుని జనగామ తెచ్చాడు. తీరా బాడీ విప్పితే తెలిసింది, పైన రేకు, లోపలంతా చెక్క! ఆ కాలపు షెవర్లేల బాడీకి ఎముకల గూడు కర్రతోనే చేసేవాళ్లట. ఆ కర్రని మన తెలంగాణ చెదలు తొంభై ఏళ్లు తీరుబడిగా భోంచేశాయి. ముట్టుకుంటే పొడి రాలింది. అన్నయ్య మొహం కూడా రాలిపోయింది.

అప్పుడు నేనే మహబూబాబాద్ దారి చూపించాను. అది నా పుట్టిల్లు. ఊరివాళ్లకి ఇప్పటికీ మానుకోటే. మానులున్న చోట వడ్రంగికి కొదవా? ఎద్దుబండ్లు చేసి చేసి చేతులు కాయలు కాచిన ఒక పెద్ద వడ్రంగి నాకు చిన్నప్పటినుంచీ ఎరుక. ఆయన వచ్చి, పుచ్చిపోయిన కర్రముక్కల్ని నేలమీద పరిచి, అస్థిపంజరం పేర్చినట్టు పేర్చాడు. "అమెరికోడైనా బండి బండే గదమ్మా. వాడూ చెక్కకి చెక్కే కలిపిండు" అని నవ్వాడు. మూడు నెలల్లో టేకుతో కొత్త గూడు తయారైంది.

ఇంజను మరో భారతం. ఆరు సిలిండర్లు. లోపలి బేరింగులు ఇప్పటి కార్లలోలాగా కొనుక్కొచ్చి బిగించేవి కావు, వైట్ మెటల్ కరిగించి అచ్చుపోసి, చేత్తో గీకి సరిచేసుకోవాలి. ఆ పని తెలిసినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. అన్నయ్య దగ్గర పనిచేసే మెకానిక్ కుర్రాడు హైదరాబాదులో ఒక ముసలి ఉస్తాదు దగ్గర వారాలకొద్దీ కూర్చుని నేర్చుకొచ్చాడు. "మా బావ జీపు ఇంజన్ తెచ్చి పెట్టుకోరాదూ, గొడవ వదుల్తుంది" అని నేను సలహా ఇచ్చాను. అన్నయ్య నన్ను పాపాత్మురాలిని చూసినట్టు చూశాడు.

ఆ బావగారిది భూపాలపల్లి. సింగరేణిలో పనిచేసి రిటైరయ్యాడు. వేలంలో కొన్న పాత మహీంద్రా జీపు ఆయన పంచప్రాణాలు. అమెరికా కారంటే అందరికీ పొడుగాటి బ్యూకులే గుర్తొస్తాయి గాని, జీపు కూడా అమెరికా బిడ్డే. రెండో ప్రపంచయుద్ధంలో విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు కలిసి ఆరు లక్షలకి పైగా చేశాయి. 1947 నుంచి మహీంద్రావాళ్లు బొంబాయిలో బిగించడం మొదలుపెట్టారు. షెవర్లే దొరవారి ముంగిట్లో ఆగిపోతే జీపు అడవిలోకీ, బొగ్గుగనుల్లోకీ, ఎన్నికల ప్రచారంలోకీ వచ్చింది. ఒకప్పుడు ఆ అడవి పల్లెల్లో రాత్రిపూట జీపు చప్పుడు వినిపిస్తే దీపాలు ఆర్పేసుకునేవాళ్లని మా బావ చెప్తుంటాడు. ఏ బండికైనా ఇంజను చప్పుడుతోబాటు మరో చప్పుడు కూడా ఉంటుందేమో!

ఆ మాట నాకు తర్వాత బాగా అర్థమైంది.

కారు తయారైంది. నల్లగా నిగనిగలాడుతోంది. యాభై ఏళ్లు దాటిన బండ్లకి కేంద్ర ప్రభుత్వం 2021లో ప్రత్యేక రిజిస్ట్రేషన్ పెట్టింది. నెంబరులో 'వీఏ' అని వస్తుంది. ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. ఇంజనూ, బాడీ, ఛాసిస్ అసలు రూపంలోనే ఉండాలి. ప్రదర్శనలకీ, ర్యాలీలకీ తప్ప రోజూ తిప్పడానికి వీల్లేదు. జీపు ఇంజను పెట్టమన్న నా సలహా ఎంత ప్రమాదకరమైందో అప్పుడు తెలిసి నాలిక కరుచుకున్నాను.

అన్నయ్య ఒక ఇత్తడి పలక చేయిద్దామన్నాడు. దానిమీద కారు పుట్టిన ఏడాదీ, గుర్రాల బలం, దొరవారి పేరూ. "నువ్వు రచయిత్రివి గదా, రెండు మంచి మాటలు రాసియ్యి" అన్నాడు. రాద్దామని కూర్చున్నాను. కలం కదల్లేదు.

ఎలా కదులుతుంది? జనగామ తాలూకా అప్పుడు నల్లగొండ జిల్లాలో ఉండేది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగింది ఈ తాలూకాలోనే. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంట తనదేనని కొంగు బిగించి నిలబడిందీ ఈ నేలమీదే. దొరల బండి కదిలితే ముందొకడు, వెనకొకడు పరుగెత్తాలి. అది వెట్టి. కూలి లేదు, కాదనడానికి నోరు లేదు. ఆ కారు మీద 'దొరవారి వైభవం' అని నేను రాయాలా? పోనీ, రాయకపోతే ఏడాదిన్నర కష్టపడిన మా అన్నయ్య మనసు కష్టపెట్టాలా? మీరే చెప్పండి!

సమాధానం ఆ మెకానిక్ కుర్రాడి తాత చెప్పాడు. తొంభై దాటిన మనిషి. మొదటిసారి కారు బయటికి తీసిన రోజున మనవడి చెయ్యి పట్టుకుని వచ్చాడు. దాని చుట్టూ ఒకసారి తిరిగాడు. మెరుపు చూడలేదు, సీట్లు చూడలేదు. సరాసరి ముందుకొచ్చి రేడియేటర్ మూత మీద చెయ్యి పెట్టాడు.

"నీళ్లు పోశిండ్రా?" అన్నాడు.

పోశామన్నాడు మనవడు.

"గిది తొందరగ మసులుతది బిడ్డా. అప్పట్ల నా పని గదే. పదేండ్ల పోరణ్ణి. నెత్తిమీద నీళ్ల కుండ పెట్టుకొని కారెంట ఉర్కాలె. కుండ పలిగితే దెబ్బలు. మా అమ్మ రాత్రి కాళ్లకు ఆముదం రాసేది."

ఎవరం మాట్లాడలేదు. అన్నయ్య వెనక తలుపు తెరిచి, "కూసో తాతా, ఊరంత తిప్పుకొస్తా" అన్నాడు. గొంతు బొంగురుపోయింది.

"ఎనుక నేనెందుకు కూసుంట? అది దొర జాగ. నా మనుమని పక్కన కూసుంట" అన్నాడు ముసలాయన.

స్టీరింగు దగ్గర మనవడు, పక్కన తాత. వెనక సీటు ఖాళీ. కారు రైల్వే స్టేషను రోడ్డు దాకా వెళ్లి వచ్చింది. దిగాక ముసలాయన మూత మీద మళ్లీ చెయ్యి పెట్టి చూశాడు. "మసల్లే. మంచిగ జేశినవ్‌రా" అన్నాడు మనవడితో. నేను విన్న ప్రశంసల్లో అంత పెద్దది మరొకటి లేదు.

ఆ రాత్రే పలక మీది మాటలు రాసిచ్చాను. కారు పేరు, 1934, ఆరు సిలిండర్లు. కింద, ఇది నడిచినన్నాళ్లూ దీని వెంట నీళ్ల కుండతో ఒక పిల్లవాడు పరుగెత్తాడు, అతని మనవడే దీనికి మళ్లీ ప్రాణం పోశాడు అని. దొర పేరు రాయలేదు. అన్నయ్య రెండుసార్లు చదువుకుని, మారుమాట్లాడకుండా ఇత్తడి పనివాడి దగ్గరికి పంపాడు.

మా వదిన గొలుసు ఇంకా తాకట్టులోనే ఉంది. కానీ ఈమధ్య ఆవిడ షెవర్లేని ఇనుప సవతి అనడం మానేసింది. ప్రతి ఆదివారం పొద్దున్నే చెంబు పట్టుకెళ్లి తనే నీళ్లు పోస్తోంది.