పాదరసం పోయింది, మిల్లీమీటర్లు మిగిలాయి

బీపీ చూపించుకుంటే 120 బై 80 అంటారు. ఏమిటవి? మిల్లీమీటర్లు! గాజు గొట్టంలో పాదరసం అంత ఎత్తు లేచిందని లెక్క. ఇప్పుడు ఇళ్లలో వాడే బ్యాటరీ మిషన్లో పాదరసం చుక్క కూడా ఉండదు. అంకె మాత్రం ఆ గొట్టానిదే.

దీని మూలం ఇటలీలోని నీటి పంపుల దగ్గరుంది. పంపుతో పీల్చితే నీళ్లు సుమారు పది మీటర్లు లేచి ఆగిపోయేవి. గెలీలియో 1638లో ఈ సంగతి రాశాడు గానీ కారణం పట్టుకోలేకపోయాడు. ఆయన చివరి రోజుల్లో పక్కనే ఉన్న టొరిచెల్లి మరోలా ఆలోచించాడు: పంపు నీటిని లాగడం లేదు, బయటి గాలి బరువే దాన్ని పైకి నెడుతోంది. నీటితో రుజువు చేయాలంటే మూడంతస్తుల మేడంత గొట్టం కావాలి. పాదరసం నీటికన్నా 13.6 రెట్లు బరువు కాబట్టి దానితో గొట్టం అన్ని రెట్లు పొట్టిదైనా చాలు. లెక్క ప్రకారమే అది 76 సెంటీమీటర్ల దగ్గర నిలిచింది. 1644 జూన్‌లో ఈ సంగతిని మిత్రుడు రిచ్చికి ఉత్తరంలో రాశాడు.

ఫ్రాన్స్‌లో పాస్కల్‌కు ఇంకో ఆలోచన వచ్చింది. గాలి బరువే కారణమైతే కొండెక్కినకొద్దీ పాదరసం దిగాలి కదా! 1648 సెప్టెంబర్‌లో బావ పెరియేను ప్యుయి డి డోమ్ కొండ ఎక్కించాడు. దిగింది. 1971లో ఒత్తిడి ప్రమాణానికి పాస్కల్ పేరు పెట్టారు. కొండెక్కిన బావగారికి ఏ ప్రమాణమూ దక్కలేదు.

ఇక రక్తపోటు. ఇంగ్లండ్‌లో స్టీఫెన్ హేల్స్ అనే మతాచార్యుడు ఆడగుర్రాన్ని కట్టి పడుకోబెట్టి, ధమనిలోకి ఇత్తడి గొట్టం దూర్చి, దానికి నిలువుగా గాజు గొట్టం తగిలించాడు. రక్తం 8 అడుగుల 3 అంగుళాలు ఎగబాకిందని 1733లో ప్రచురించాడు. మన 120ని ఆ పద్ధతిలో కొలిస్తే రక్తం మీటరున్నర లేస్తుంది. 1828లో ఫ్రెంచి వైద్యుడు పోయిసుయ్ పాదరసం వాడి గొట్టాన్ని పొట్టి చేశాడు. చేతికి చుట్టే పట్టీ 1896లో రీవా రోచ్చిది. స్టెతస్కోపుతో చప్పుళ్లు వినే పద్ధతి 1905లో కొరొత్కోవ్‌ది.

పంక్చర్ షాపులో గాలి 32 పెట్టమంటామే, అది చదరపు అంగుళానికి 32 పౌండ్లు. పాదరసం లెక్కలో దాదాపు 1,655 మిల్లీమీటర్లు. మన బీపీ 120 టైరు లెక్కలో 2.3 మాత్రమే. ఇందులో ఒక తిరకాసుంది. టైరు గేజీ అయినా, బీపీ మిషనైనా చుట్టూ ఉన్న గాలిని సున్నాగా తీసుకుని ఆపైదే చెబుతాయి. పంక్చరైన టైరుకు గేజీ సున్నా చూపినా లోపల చదరపు అంగుళానికి సుమారు 14.7 పౌండ్ల ఒత్తిడి ఉండనే ఉంటుంది. అది మరిచి లెక్క మారిస్తే గుణకారం సరిగ్గానే వస్తుంది, జవాబు తప్పుతుంది.

పాస్కల్ లెక్కకు మారాల్సి వచ్చినప్పుడు వాతావరణ శాఖల వాళ్లు తెలివిగా గట్టెక్కారు. మిల్లీబారును హెక్టోపాస్కల్ అన్నారంతే; 1013 మిల్లీబార్లు 1013 హెక్టోపాస్కల్‌లే. వైద్యులకు ఆ వీలు లేదు. 120 బై 80 కాస్తా 16 బై 10.7 కిలోపాస్కల్‌లు అవుతుంది. నలభై ఏళ్లుగా 120కి అలవాటుపడ్డ రోగి ఆ 16 చూస్తే కంగారు పడడూ? పాదరసం విషమని 2013 నాటి మినమాటా ఒప్పందం దాన్ని పరికరాల నుంచి తప్పిస్తున్నా, మిల్లీమీటర్ల జోలికి ఎవరూ పోలేదు. మంచిపనే చేశారు.

మీకెప్పుడైనా కిలోపాస్కల్‌లలో బీపీ చీటీ చేతికొస్తే అంకెను ఏడున్నరతో గుణించండి. పాత లెక్క వచ్చేస్తుంది.