వార్ధక్యమున తిరుగబెట్టు రక్తహీనత

ముసలితనమున మోము పాలిపోవుట, నాలుగు మెట్లెక్కునంతలో ఆయాసము గ్రమ్ముట, క్రింది కనురెప్పను వ్రేలితో దించి చూచినచో ఎఱుపునకు మారుగా తెల్లదనము గానవచ్చుట మన యిండ్లలో అరుదు గాదు. పెద్దతనము, ఒంట రక్తము పట్టుట లేదని యింటివారు సరిపెట్టుకొందురు. మాత్రలు మ్రింగినన్నాళ్లు తేఱుకొని, మానిన కొలది మాసములకే తిరుగబెట్టు నీ రక్తహీనత విషయమున, ఇనుము నెట్లు చేర్చవలెనను ప్రశ్నకు ప్రాచీనులే సమాధానము చెప్పియుండగా, చేర్చిన యినుము ఎచ్చటికి పోవుచున్నదను ప్రశ్న మాత్రము మిక్కిలి యాలస్యముగ పుట్టినది.

చరకసంహిత పాండురోగమునకు లోహమును, మండూరమును విధించినది. 17వ శతాబ్దమున ఇంగ్లండులో థామస్ సిడెన్‌హామ్ ఇనుపరజను ద్రాక్షాసవమున నానవైచి యిచ్చెను. 1832లో ఫ్రెంచి వైద్యుడు పియెర్ బ్లో ప్రకటించిన ఇనుపగుళికలు చిరకాలము వాడుకలో నుండెను. అయితే ఈ పాశ్చాత్యుల చికిత్సలన్నియు ప్రధానముగ పాలిపోయిన కన్నెపడుచుల నుద్దేశించినవి. వృద్ధుని పాలిపోవుట వ్యాధిగా నెన్నబడలేదు.

దృష్టిని మరల్చినది ఒక చిన్న లెక్క. దేహమున మితిమీఱిన యినుమును బయటికి వెడలించు మార్గము లేదనియు, ప్రేగులు గ్రహించు పాళ్లతోనే దాని నిలువ నిర్ణయమగుననియు 1937లో మెకాన్స్, విడోసన్ అను బ్రిటిషు శాస్త్రజ్ఞులు ప్రతిపాదించిరి. దినమునకు సహజముగ పోవునది ఇంచుమించు 1 మిల్లీగ్రాము. 1 మిల్లీలీటరు రక్తములో నుండునది అర మిల్లీగ్రాము. కావున చిన్న చెంచాడు, అనగా 5 మిల్లీలీటర్ల రక్తము దినదినము ప్రేగులలోనికి స్రవించినచో, మలము రంగైనను మాఱకయే, తిండి వలన చేరుదాని కంటె పోవునది యధికమై నిలువ తఱిగిపోవును. ఇట్టి అగోచర రక్తమును గ్వాయాకమను చెట్టుబంకతో నీలివన్నెగ బయటపెట్టు పరీక్ష అంతకు పూర్వమే యున్నది. దానివలన వ్రణములు, పెద్దప్రేగు కుడిభాగపు క్యాన్సరులు పెక్కు పట్టుబడెను. ఐనను ఎంత వెదకినను ఏమియు దొరకని రోగులు మిగిలిరి.

1958లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రపు వాంకూవరు నగరమునుండి ఎడ్వర్డ్ హైడ్ అను వైద్యుడు ఒక వైద్యపత్రికకు వ్రాసిన చిన్న లేఖను ఈ చరిత్రలో మిక్కిలి విలువైనదిగా నేనెన్నుదును. హృదయము నుండి వెడలు మహాధమని కవాటము సున్నము పట్టి యిఱుకైన రోగులలో కనీసము పదిమందికి, కారణ మంతుపట్టని తీవ్రరక్తస్రావము ప్రేగులలో కలిగినదని ఆయన తెలిపెను. గుండె యెక్కడ, ప్రేగు లెక్కడ! కాకతాళీయమని శంకించినవారు గలరు. శస్త్రవైద్యులు ప్రేగును కోసి తీసివేసినను స్రావము తిరుగబెట్టుచుండగా, కవాటమును మార్చినపిదప పెక్కుమందికి అది నిలిచిపోవుట క్రమముగ తెలియవచ్చెను. ఇఱుకు తూమున దూకు కాలువనీటివలె, బిగిసిన కవాటమున వడిగా పోవు రక్తములో, గడ్డకట్టుటకు తోడ్పడు వాన్ విల్‌బ్రాండ్ ప్రోటీను దీర్ఘతంతువులు సాగి తునుగుననియు, అందుచే వయసుతో ప్రేగుగోడలలో నేర్పడు పెళుసు రక్తనాళములు స్రవించుననియు 1992లో వెలువడిన ఊహకు 2003లో ఫ్రాన్సు దేశపు పరిశీలన బలము చేకూర్చినది.

ఇట్టి అగోచర రక్తస్రావమునకు మఱియొక మూలముగ, 1986లో కామెరాన్, హిగ్గిన్స్ అను వైద్యులు ఱొమ్ములోనికి జాఱిన జఠరపు మడతలయందలి ఒరపిడి పుండ్లను వర్ణించిరి. చిన్నప్రేగు నడిమిభాగము మాత్రము, 2001లో మ్రింగుటకు వీలగు కెమెరా మాత్ర వైద్యుల చేతికి వచ్చువఱకు, శస్త్రచికిత్స లేక చూడరాని చీకటిగనే యుండెను. ఇంచుమించు ఆ కాలముననే కాలేయమున పుట్టు హెప్సిడిన్ అను హార్మోను వెల్లడియై, దీర్ఘకాలపు వాపు గలవారికి మాత్రలు ఒంట పట్టకుండుటకు హేతువు తెలిపినది.

ఇంతయు తెలిసినను, మన వీధిచివరి మందుల షాపులో చీటీ లేకయే మోకాళ్లనొప్పి మాత్రలు కొనువారి జఠరమున పుండ్లు పడుచునే యున్నవి. రక్తము స్రవించి మలము నల్లబడినను, ఇనుపమాత్రయు దానిని నల్లబఱచును గనుక, రోగియు ఇంటివారును అది మాత్రల గుణమే యనుకొందురు. 2004లో ప్రకటింపబడిన అమెరికా పరిశీలనలో, 65 యేండ్లు దాటిన రక్తహీనులలో మూడవవంతునకు పోషకలోపము, వారిలో పెక్కుమందికి ఇనుము కొఱతయే, కారణమని తేలగా, మఱి మూడవవంతునకు ఏ కారణమును దొరకలేదు.