గోపీ తటాకము

మన పూర్వులు సప్తసంతానములను లెక్కించునప్పుడు పుత్రుని, కృతిని, తటాకమును ఒకే వరుసలో నిలిపిరి. దేవాలయము, అగ్రహారము, వనము, నిధి అను తక్కిన నాలుగింటికిని ఆ వరుసలో చోటు కలదు. మనుజుడు గతించిన పిదప అతని పేరు నిలుపునవి ఇవియే యని వారి విశ్వాసము. అయితే పుత్రుడు పుట్టినంతనే వంశము నిలువదు, అతనిని పెంచవలయును. కృతి పూర్తియైనంతనే నిలువదు, చదువువారు ఉండవలయును. తటాకమును ఇట్టిదే. దీనికి చక్కని నిదర్శనమొకటి గుజరాతు దేశమున, తాపీ నదీతీరమందలి సూరతు నగరమున కలదు. అదియే గోపీ తలావు. గుజరాతీయుల 'తలావు' మన తటాకమే.

దీనిని కట్టించినవాడు మలిక్ గోపి. 15వ శతాబ్ది చివర, 16వ శతాబ్ది ఆరంభమున గుజరాతు సుల్తానుల కొలువున మిక్కిలి పలుకుబడి కలిగిన హిందూ మంత్రి యితడు, గొప్ప వర్తకుడును. 'మలిక్' యనునది సుల్తానులు తమ పెద్ద అధికారుల కొసగు బిరుదము. తాపీ తీరమున నివాసమేర్పరచుకొని, యితర వర్తకులను రప్పించి, ఒక చిన్న రేవును పట్టణముగా చేసినవాడు గోపియే యని సూరతు ప్రజల నానుడి. తాను పెంచిన యూరికి సూర్యుని పేర సూర్యపురమని పేరిడగోరగా, సుల్తాను దానిని కొంచెము మార్చి 'సూరత్' అనెనని మరియొక కథ. అతడు నివసించిన పేట గోపీపురా యను పేర నేటికిని వ్యవహరింపబడుచున్నది.

క్రీ. శ. 1510 ప్రాంతమున గోపి యీ తటాకమును నిర్మించెను. నది చెంతనుండగా మరల తటాకమేల యని సందేహము కలుగవచ్చును. సూరతు సముద్రమునకు సమీపముననున్న ఊరు. పోటు వచ్చినప్పుడు ఉప్పునీరు తాపీ నదిలో నగరము వరకు ఎగబ్రాకును. వేసవిలో నదిలో మంచినీటి ప్రవాహము సన్నగిల్లినప్పుడు ఈ బాధ హెచ్చగును. ఓడలకు మేలుచేయు పోటు దాహమునకు మేలుచేయదు. సంపద నదిమీదుగా వచ్చినను, ఆ సంపదను అనుభవించువారు త్రాగుటకు వాననీటినే కూర్చుకొనవలసి యుండెను. ఈ అవసరమును గుర్తించిన వర్తకుడు గోపి.

తెలుగుదేశమున చెరువనగా మట్టికట్టయు, తూమును, అలుగును, దిగువ పచ్చని ఆయకట్టును కనులయెదుట నిలుచును. గోపీ తలావు అట్టిది కాదు. అది నేలను త్రవ్వి, చుట్టును రాతికట్టడము చేసి, మెట్లు దింపిన జలాశయము. మన దేవాలయముల కోనేటిని ఊరంత పెద్దదిగా ఊహించుకొన్నచో దాని స్వరూపము కొంత తెలియును. దానికి పదునారు భుజములుండెడివని చెప్పుదురు. పొలము తడుపుటకు గాక నగరము దాహము తీర్చుటకును, స్నానమునకును, గాలి మారుటకును ఏర్పడినది గావున అది కోనేటి పోలికనే వహించెను. ఉపయోగమును, ఉల్లాసమును అందు వేరు కాలేదు. నీటికై వచ్చినవారు మెట్లపై కొంతసేపు నిలువకుందురా?

కట్టించినవాని భాగ్యము తటాకమంత నిలుకడ గలది కాకపోయెను. సముద్రముపై ఆధిపత్యము వహించుచున్న పోర్చుగీసువారితో సఖ్యము చేయుటయే గుజరాతు వర్తకమునకు క్షేమమని గోపి అభిప్రాయము. దీవు రేవును ఏలుచున్న మలిక్ అయాజు దీనికి విరోధి. కొలువులోని ఈ స్పర్ధలో గోపి తుదకు రెండవ ముజఫర్ షా ఆగ్రహమునకు గురియై ప్రాణములు కోల్పోయెను. ఏ పోర్చుగీసువారి మైత్రిని అతడు కోరెనో, ఆ పోర్చుగీసువారే 1530లో సూరతును తగులబెట్టిరి. పిదప నగర రక్షణకై ఖుదావంద్ ఖాను తాపీ యొడ్డున కోట కట్టించెను. అది 1546 నాటికి పూర్తియయ్యెను. 1573లో ఆ కోట అక్బరు వశమయ్యెను. ప్రభువులు మారిరి, జెండాలు మారెను. గోపి చెరువున నీరు మాత్రము నిలిచియే యుండెను.

మొగలాయీల కాలమున సూరతు భారతదేశపు పెద్దవాకిలి. మక్కా యాత్రికులు ఇచటనే ఓడలెక్కిరి. 1608లో ఇంగ్లీషువారు ఇచటనే దిగిరి. అట్టి నగరమును 1623లో చూచిన ఇటలీ యాత్రికుడు పియెత్రో దెల్లా వాల్లె తన లేఖలలో గోపీ తలావును వర్ణించెను. దాని అనేక భుజములను, రాతి మెట్లను అతడు మెచ్చుకొనెను. తన దేశమున ఇది పెద్దదిగానే తోచును గాని గుజరాతున చిన్నవానిలో చేరునని అతడు వ్రాసిన మాట గమనింపదగినది. ఒక నూరేండ్లు దాటినను తటాకము కట్టించినవాని పేరనే పిలువబడుచుండెను. రాజదండనకు గురియైనవానిని ప్రజలు విడువలేదు.

తరువాతి చరిత్ర క్షీణదశ. 1664లోను, 1670లోను శివాజీ సూరతును కొల్లగొట్టెను. 1687లో ఇంగ్లీషువారు తమ ముఖ్యస్థానమును బొంబాయికి మార్చుకొనిరి. 1759లో కోట వారి చేతికి చిక్కెను. 1837లో అగ్నిప్రమాదమును, వరదయు నగరమును క్రుంగదీసెను. ఈ క్షీణకాలముననే తటాకమును ఎండి, నీరులేని పల్లముగా మిగిలెను.

కడప మండలమందలి పోరుమామిళ్ల చెరువు శాసనము ఇచట స్మరింపదగును. విజయనగర రాజపుత్రుడు భాస్కర భవదూరుడు 1369లో వేయించిన ఆ శాసనము మంచి చెరువునకు పండ్రెండు అంగములను, ఆరు దోషములను చెప్పుచున్నది. కట్ట నీరుకారుట, ఉప్పునేల, రెండు రాజ్యముల సరిహద్దున నుండుట మున్నగునవి దోషములు. అంగములలో మొదటివాడు ధర్మశీలుడైన ప్రభువు. నేలకన్న, నీటికన్న ముందు మనుష్యుడే లెక్కకు వచ్చుట భావగర్భితము. సూరతున నేల మారలేదు, వాన మారలేదు. తన చెరువని తలచి పూడిక తీయించు చేయి మాత్రము కరవయ్యెను. ఏడవ దోషమును చేర్చవలసినచో అది ఉపేక్షయే.

నీరెండినను మాట ఎండలేదు. పేటకు గోపి పేరుండెను. పల్లమునకు తలావను పేరుండెను. ఆధునిక గుజరాతీ సాహిత్యమునకు ఆద్యుడని పేరొందిన నర్మద్ కవి (1833–1886) సూరతువాడే. కవిత్వముతో తృప్తిపడక తన నగర చరిత్రమును గూడ అతడు గుజరాతీ వచనమున వ్రాసెను. తటాకములు ఎండినప్పుడు నగర జ్ఞాపకమును నిలుపునది కృతియే గదా! ఏడు సంతానములలో ఒకటి మరియొకదానిని కాపాడుట ఇట్లు జరుగును.

సూరతు నగరపాలక సంస్థ 2012లో ఈ పల్లమును ఉద్ధరించుటకు పూనుకొనెను. 2015లో ఉద్యానవనముతోను, పడవ విహారముతోను తటాకము తిరిగి ప్రజలకు తెరవబడెను. నేడు నగరమునకు త్రాగునీరు ప్రధానముగ తాపీ నుండి కొళాయిలలో వచ్చును. దాహమునకై పుట్టిన చెరువు వినోదమునకై పునర్జన్మ మెత్తినది. ఈ మార్పు తెలుగువారికి క్రొత్త కాదు. 16వ శతాబ్దిలో ఇబ్రహీం కుతుబ్ షా నాడు వెలసిన హుస్సేను సాగరము హైదరాబాదునకు త్రాగునీరిచ్చి, పిదప షికారునకు చోటైనది.

సూరతు మగ్గముల నమ్ముకొని తెలంగాణమునుండి వెళ్లిన పద్మశాలి కుటుంబములనేకము ఆ నగరమున స్థిరపడినవి. వారి బిడ్డలకై నగరపాలక సంస్థ తెలుగు బడులను నడిపినది. కట్టయు, తూమును గల చెరువుల నాటినుండి వెళ్లిన ఆ కుటుంబములకు, ఇల్లిరుకైన నగరమున, సాయంసమయమున నీటియొడ్డున కూర్చుండుట స్వల్పసుఖము కాదు.

వినోదమునకై నిలిచిన చెరువు చెరువే కాదని పెదవి విరుచుట సులభము. కాని అవసరము తీరిన నాడు లోకము విడిచిపెట్టని వస్తువు ఏది? తనకు సంతోషమిచ్చునది మాత్రమే. గోపి నగరమునకు నీరొసగెను. నేటి నగరము అతని చెరువునకు చూచువారి నొసగినది. ఆ చూపు తొలగక, ఏటేట పూడిక తీయు శ్రద్ధగా మారినచో గోపి సంతానము రెండవసారి అనాథ కాబోదు.