తలాషీ వారంటు, పంచనామా – ఒక కాగితం చరిత్ర

కోర్టు మాటలు చాలావరకు మన ఇళ్లలో పలికే మాటలే. వకీలు, జప్తు, దస్తావేజు, తలాషీ – ఇవన్నీ అరబ్బీ, ఫార్సీల నుంచి వచ్చి తెలుగులో స్థిరపడినవి. పంచనామాలో ‘పంచ్’ మన పంచాయతీది, ‘నామా’ ఫార్సీది, అనగా వ్రాత. పెద్దమనుషుల ఎదుట వ్రాసిన కాగితం అన్నమాట. ఆ కాగితం ఎందుకు పుట్టిందో మనలో చాలామందికి తెలియదు. అందుకే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

ముందుగా ఇంగ్లండు సంగతి చెప్పుకోవాలి. 1762 నవంబరులో జాన్ ఎంటిక్ అనే రచయిత ఇంటికి మంత్రి హాలిఫాక్స్ ప్రభువు ఇచ్చిన వారంటుతో నలుగురు రాజభటులు వచ్చారు. నాలుగు గంటలసేపు గదులు, పెట్టెలు గాలించి కాగితాలు పట్టుకుపోయారు. ఎంటిక్ ఊరుకోలేదు, దావా వేశాడు. 1765లో న్యాయమూర్తి కామ్డెన్ ప్రభువు ఆ వారంటు చట్టవిరుద్ధమని తీర్పు చెప్పారు. సాక్షి లేకుండా సోదా చేస్తే ఎవరు ఏమి పట్టుకుపోయారో రుజువు చేసే మనిషే ఉండడని కూడా ఆయన ఎత్తి చూపారు. పంచనామా అవసరం సరిగ్గా ఇక్కడే ఉంది.

మన దేశానికి మొదటి క్రిమినల్ ప్రొసీజర్ కోడు 1861లో వచ్చింది. 1898 కోడులో 103వ సెక్షను, 1974 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన 1973 కోడులో 100వ సెక్షను సోదా పద్ధతిని చెప్పాయి. ఆ చుట్టుపక్కల ఉండే ఇద్దరు గౌరవనీయులను పిలవాలి. వారి ఎదుటే వెతకాలి. ఏ వస్తువు ఎక్కడ దొరికిందో జాబితా వ్రాసి వారిచేత సంతకం చేయించాలి. ఇంటివారిని దగ్గర ఉండనివ్వాలి, జాబితా నకలు వారికి ఇవ్వాలి. స్త్రీని సోదా చేయాలంటే మరో స్త్రీయే మర్యాదగా చేయాలి. అరెస్టు కోసం ఇంట్లోకి వచ్చేటప్పుడు సైతం, పరదా పాటించే స్త్రీ ఉన్న గది తలుపు పగలగొట్టే ముందు ఆమెకు చెప్పి, పక్కకు వెళ్లే అవకాశం ఇవ్వాలి.

వారంటు లేకుండా సోదా చేసే అధికారం కూడా పోలీసులకు ఉంది. అయితే ముందుగా కారణం కాగితం మీద పెట్టాలి, దాని నకలు మేజిస్ట్రేటుకు పంపాలి.

1954లో ఎం.పి. శర్మ కేసులో సుప్రీంకోర్టు ఎనిమిదిమంది జడ్జీలు మన రాజ్యాంగంలో అమెరికా తరహా గోప్యతా హక్కు లేదన్నారు. 2017లో తొమ్మిదిమంది జడ్జీలు ఆ మాటను త్రోసిపుచ్చి, గోప్యత ప్రాథమిక హక్కే అన్నారు. ఈ రెంటి నడుమ మన రాష్ట్రపు కేసు ఒకటి ఉంది. ఆంధ్రప్రదేశ్ 1986లో స్టాంపుల చట్టాన్ని సవరించి, కలెక్టరు పంపిన ఎవరైనా ఏ చోటికైనా వెళ్లి దస్తావేజులు చూడవచ్చునంది. కట్టుబాటు లేని ఆ అధికారం చెల్లదని హైకోర్టు అన్నది. 2004లో కెనరా బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు దానినే నిలబెట్టింది. కాగితం బ్యాంకులో ఉన్నా దాని గోప్యత మనిషిదేనన్నది.

2024 జూలై 1 నుంచి కొత్త కోడు, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, అమలులో ఉంది. పాత 100వ సెక్షను ఇందులో 103 అయింది. 105వ సెక్షను ప్రకారం సోదాను, జాబితా తయారీని వీడియో తీసి ఆలస్యం లేకుండా మేజిస్ట్రేటుకు పంపాలి.

ఒక్క మాట గుర్తుంచుకోవాలి. పంచనామాలో లోపం ఉన్నంత మాత్రాన దొరికిన సాక్ష్యం చెల్లకుండా పోదు. కోర్టు దానిని మరింత జాగ్రత్తగా పరిశీలిస్తుంది, అంతే. కావున జాగ్రత్త మనమే పడాలి. తలాషీకి వస్తే అడ్డుపడవద్దు, గొడవ పెట్టుకోవద్దు. దగ్గర నిలబడి చూడండి. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టవద్దు. చదవనిదే వేలిముద్ర వేయవద్దు. జాబితా నకలు అడిగి తీసుకోండి. చదువురాని ఇరుగుపొరుగు వారుంటే, చదువుకున్న మన పిల్లలు వెళ్లి చదివి వినిపించాలి. ఆ కాగితం పోలీసుల కెంత అవసరమో ఇంటివారికీ అంతే అవసరం.