పట్టణ పార్కులు పక్షి ఆవాసాలుగా: నిర్వహణ పద్ధతులపై ఒక పరిశీలన

మున్సిపల్ పార్కు నడకకు వచ్చేవారి కంటికి ఇంపుగా ఉండేలా రూపొందుతుంది. కత్తిరించిన పచ్చిక, వరుసగా పెంచిన ఒకే రకం చెట్లు, టైల్స్ బాట, రాత్రంతా వెలిగే దీపాలు దాని సాధారణ స్వరూపం. పక్షికి కావలసినవి వేరు: ఏడాది పొడవునా తిండి, దాక్కోవడానికి పొద, గూటికి చోటు, దిగి తాగడానికి నీరు. 2020లో తెలంగాణలో పల్లె ప్రకృతి వనాలు, కేంద్రం తరఫున నగర వన పథకం మొదలై చిన్న పార్కులకు స్థలం, నిధులు సమకూరాయి. అయితే ప్రగతి నివేదికల్లో కనిపించేది నాటిన మొక్కల లెక్క. పార్కు పక్షులకు ఆవాసం అవుతుందా లేదా అన్నది మాత్రం నాటిన తర్వాత ఏటేటా సాగే నిర్వహణను బట్టి ఉంటుంది.

చెట్ల ఎంపికలో పొరపాటుకు కోనోకార్పస్ మంచి ఉదాహరణ. త్వరగా పెరుగుతుంది, ఎప్పుడూ పచ్చగా ఉంటుంది కాబట్టి రోడ్ల పక్కన, పార్కుల్లో దాన్ని విరివిగా నాటారు. ఇక్కడి పక్షులకు దానివల్ల దొరికే తిండి దాదాపు లేదు. తర్వాత దాన్ని నాటవద్దని తెలంగాణ ప్రభుత్వమే ఆదేశించింది. రావి, మర్రి, మేడి, జువ్వి చెట్లు అన్నీ ఒకేసారి పండవు. ఒకటి ముగిసేసరికి మరొకటి అందుకోవడం వల్ల కోకిలకు, పిగిలిపిట్టకు తిండి కరవు ఉండదు. బూరుగ, మోదుగ ఆకు రాల్చి పూసే ఫిబ్రవరి, మార్చి నెలల్లో గోరింకలు, పసులపోలిగాళ్లు, తేనెపిట్టలు ఆ పూల మీదే ఉంటాయి. అరెకరం పార్కులో మర్రి పట్టదు, గోడలు పగులుతాయి. అలాంటిచోట నేరేడు, కానుగ మేలు.

పార్కుల్లో అన్నిటికన్నా ముందు గొడ్డలి పడేది ఎండు కొమ్మ మీద. పక్షుల లెక్కలో అది విలువైన ఆస్తి. కంసాలి పిట్ట పచ్చి కలపను తొలచలేదు. పుచ్చిన మెత్తని కొమ్మను వెతుక్కుని, ఆడ, మగ రెండూ వంతులవారీగా తొలుస్తాయి. వాన నీరు లోపలికి పోకుండా ద్వారం తరచు కొమ్మ అడుగు వైపునే ఉంటుంది. అవి వదిలేసిన తొర్రలూ, వడ్రంగిపిట్ట చేసిన తొర్రలూ తర్వాత వేరే పక్షులకు పనికొస్తాయి. గోరింక, పైడికంటె, పాలపిట్ట సొంతంగా తొర్ర చేసుకోలేవు. తెలంగాణ రాష్ట్ర పక్షిగా పాలపిట్టకు ఎంత గౌరవం ఉన్నా, తొర్రలేని పార్కులో అది గూడు పెట్టదు. బాట మీద పడే ప్రమాదమున్న కొమ్మను కొట్టేయాల్సిందే. లోపలి వైపున ఎవరికీ అడ్డం లేని మోడును ఉంచితే నష్టం లేదు.

రాలిన ఆకును రోజూ ఊడ్చి తగలబెట్టడం మరో అలవాటు. ఆకుల కింది పురుగులే నేల మీద తిరిగే పక్షులకు ఆహారం. గింజలు తినే పిచ్చుక కూడా పిల్లలకు పురుగులే పెడుతుంది కాబట్టి పురుగుమందు చల్లిన పార్కులో పిల్లలు బతకడం కష్టం. పావురాలకు జొన్నలు చల్లడం పక్షి సేవ అని చాలామంది నమ్మకం. దానివల్ల పెరిగేది పావురాలు మాత్రమే.

కుంట ఉంటే గట్టు వాలుగా దిగాలి. నిలువు సిమెంటు గోడల మధ్య నీరు ఎంత ఉన్నా గుడ్డికొంగకు కాలు మోపే చోటు దొరకదు.

ఇలాంటి మార్పు సాధ్యమేనని చెప్పడానికి గురుగ్రామ్‌లోని ఆరావళి జీవవైవిధ్య పార్కు నిదర్శనం. రాళ్ల గనులుగా ఉన్న నేలలో 2010 నుంచి పౌరులు ఆరావళి కొండల స్థానిక జాతులనే పెంచారు. 2022లో అది రక్షిత ప్రాంతాల వెలుపలి సంరక్షణ స్థలంగా దేశంలో మొదటి గుర్తింపు పొందింది. హైదరాబాద్ శివార్లలోని అమీన్‌పూర్ చెరువు 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలమైంది.

పక్షుల గురించి నేర్పడానికి ఈ ప్రాంతంలో పాత పునాది ఉంది. పక్షి శాస్త్రవేత్త సలీం అలీ 1931-32లో హైదరాబాద్ సంస్థానంలో పక్షుల సర్వే చేశారు. పాఠశాల పిల్లలు చేయాల్సింది అంత పెద్ద పని కాదు. సూర్యోదయం తర్వాత ఒకే బాటలో పావుగంట నడిచి, కనిపించిన పక్షి, సంఖ్య, తేదీ, చేస్తున్న పని నోటుబుక్‌లో రాస్తే చాలు. అదే జాబితాను పక్షుల వివరాలు నమోదు చేసే ఆన్‌లైన్ వేదిక ఈబర్డ్‌లో పెడితే పరిశోధకులకూ పనికొస్తుంది. ఏడాది గడిచాక ఆ పుస్తకంలోంచే పాఠాలు వస్తాయి: చలికాలానికి మధ్య ఆసియా వైపు నుంచి వచ్చే గులాబీ గోరింకలు ఏ వారంలో మొదట కనిపించాయి, బూరుగ పూత అయిపోగానే ఎటు పోయాయి, కొమ్మ కొట్టేసిన నెలలో కంసాలి పిట్ట చప్పుడు ఎందుకు ఆగింది. పక్షుల బొమ్మలతో పెట్టే రంగుల బోర్డుల కంటే ఈ నోటుబుక్ ఎక్కువ నేర్పుతుంది.

పార్కు నిర్వహణ కాంట్రాక్టులో మూడు షరతులు చేరిస్తే మొదటి మెట్టు ఎక్కినట్టే: ప్రమాదం లేని మోడును కొట్టకూడదు, ఒక మూల ఆకును ఊడ్వకూడదు, గూళ్ల కాలంలో పొదలను కత్తిరించకూడదు. వీటికి మున్సిపాలిటీ అదనంగా ఖర్చు పెట్టాల్సింది ఏమీ లేదు.